ముందు ఏ పని పట్టుకోవాలి?

(గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే. బోర్డు మీద అంకెలు కనబడకపోతే చెప్పండి, చదివి వినిపిస్తాను. అంకెలు కొంచెం ఎక్కువే ఉంటాయి, కానీ అన్నీ కూడికలే. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా వేసేయగలరు.

నేను కంప్యూటర్ సైన్సు పాఠాలు చెబుతాను. అయితే ఈరోజు మాట్లాడే విషయాన్ని నేను మొదట చూసింది విజయవాడలో, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో. మా నాన్నగారు అక్కడ బైండింగ్ చూసేవారు. జూన్ వచ్చిందంటే స్కూళ్ల పని మీద పడేది. సెలవుల్లో నేను క్యారేజీ పట్టుకుని వెళ్లేవాణ్ణి. పొద్దున పదింటికి వెళ్తే నాన్నగారు, ఆయన కింద ఇద్దరు మనుషులు ఖాళీగా కూర్చుని ఉండేవారు. ప్రింటింగ్ నుంచి ఇంకా కాగితం రాలేదు, ఏం చేస్తారు? అదే రాత్రి తొమ్మిదింటికి మళ్లీ క్యారేజీ తీసుకెళ్తే అక్కడ నిలబడే చోటు ఉండేది కాదు. అచ్చయిన ఫారాలు గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. ప్రింటింగ్ ఆయన చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయేవాడు, నాన్నగారు తెల్లవారేదాకా కుట్టుకుంటూ కూర్చునేవారు. పొద్దున పని లేదు, రాత్రి నిద్ర లేదు. ఇది ఎవరి తప్పండీ? ప్రింటింగ్ ఆయన బద్ధకస్తుడా? కాదు. బైండింగ్ వాళ్లు నెమ్మదిగా చేస్తున్నారా? అదీ కాదు. మరి ఆ రాత్రులు ఎక్కడి నుంచి వచ్చాయి?

బోర్డు చూడండి. నాలుగు పనులు రాశాను. ఒక్కో పనికి రెండు అంకెలు. మొదటిది ప్రింటింగ్‌కి పట్టే గంటలు, రెండోది బైండింగ్‌కి పట్టేవి. కరపత్రాలు: ప్రింటింగ్ 5, మడత పెట్టడానికి 1. నోట్‌బుక్కులు: 6, 2. బిల్లు పుస్తకాలు: 3, 4. వాటికి నంబర్లు వేయాలి, చింపే గీత కొట్టాలి, అందుకే నాలుగు. ఆఖరిది కవితల పుస్తకం: ప్రింటింగ్ 1, బైండింగ్ 5. పేజీలు తక్కువే, కానీ ఆ కవిగారు కాలికో గుడ్డ అట్ట కావాలన్నారు, చేత్తో కుట్టాలి. పనులు వచ్చింది కూడా ఇదే వరుసలో. మిషను ఒక్కటే, బైండింగ్ బల్ల ఒక్కటే. ప్రింటయితే తప్ప బైండింగ్ మొదలవదు.

వచ్చిన వరుసలోనే చేద్దాం. పొద్దున ఆరింటికి మిషను మొదలైంది, అక్కడి నుంచి గంటలు లెక్కపెడదాం. కరపత్రాలు 5 గంటలకు బయటికి వస్తాయి, 6కి మడతలు అయిపోతాయి. నోట్‌బుక్కులు 11కి వస్తాయి, 13కి అవుతాయి. బిల్లు పుస్తకాలు 14కి వచ్చి 18కి అవుతాయి. కవితల పుస్తకం 15కే ప్రింటయినా బల్ల ఖాళీ అయ్యేది 18కి, పూర్తయ్యేది 23కి. అంటే మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి. ఈ 23 గంటల్లో బైండింగ్ బల్ల 11 గంటలు ఖాళీగా ఉంది. నేను క్యారేజీతో వెళ్లినప్పుడు చూసింది ఆ 11 గంటల్నే.

ఇప్పుడు వరుస తిరగేద్దాం. ముందు కవితలు, తర్వాత బిల్లు పుస్తకాలు, తర్వాత నోట్‌బుక్కులు, ఆఖర్న కరపత్రాలు. కవితలు 1కి ప్రింటయి 6కి అవుతాయి. బిల్లు పుస్తకాలు 4కే వచ్చి కూర్చుంటాయి, 10కి అవుతాయి. నోట్‌బుక్కులు 10కి వస్తాయి, 12కి అవుతాయి. కరపత్రాలు 15కి వస్తాయి, 16కి అయిపోయాయి. రాత్రి పదింటికల్లా షట్టర్ వేసేయొచ్చు. 23 ఎక్కడ, 16 ఎక్కడ! ఎవరూ ఒక్క నిమిషం కూడా త్వరగా చేయలేదు. కొత్త మిషను రాలేదు, కొత్త మనిషి రాలేదు. ఏడు గంటలు మిగిలాయి. మా నాన్నగారి నిద్ర అది.

దీనికి ఒక సూత్రం ఉంది. బోర్డు మీద ఉన్న ఎనిమిది అంకెల్లో అన్నిటికంటే చిన్నది వెతకండి. అది ప్రింటింగ్ వైపు ఉంటే ఆ పనిని వీలైనంత ముందుకు తోయండి. బైండింగ్ వైపు ఉంటే వీలైనంత చివరికి తోయండి. ఆ పని కొట్టేసి, మిగిలిన వాటితో మళ్లీ అదే చేయండి. అంతే. రెండో మిషను, అంటే ఇక్కడ బైండింగ్ బల్ల, త్వరగా పనిలో పడాలి, మొదటి మిషను ఆగిపోయాక దానికి పెద్దగా పని మిగలకూడదు. 1954లో అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో పనిచేసే సెల్మర్ జాన్సన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దీన్ని రుజువు చేశాడు. ఇంతకంటే మంచి వరుస ఎవరూ చూపించలేరని రుజువుతో సహా. అప్పట్లో ఆ సమస్యకు వాళ్లు చెప్పుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? పుస్తకాలు ముద్రించడం, బైండు చేయడం! నేను ఎం.టెక్.లో ఇది చదివిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒక చిన్న చీటీ మీద పట్టే సూత్రం, మా ప్రెస్సు గోడ మీద ఎవరైనా అంటించి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

సరే, రెండు మిషన్లకు ఇంత సులువు కదా, మూడో మిషను పెడదాం. పుస్తకం అంచులు కోసే కటింగ్ మిషను. ఇప్పుడు సూత్రం ఏమిటి? ఒక్క మిషనే కదా పెరిగింది, సూత్రం కూడా కొంచెం పెరుగుతుందని అనుకుంటాం. పెరగదు, అలాంటి సూత్రమే ఎవరికీ దొరకలేదు. 1976లో గేరీ, జాన్సన్, సేఠీ అనే ముగ్గురు ఇది ఎంత కష్టమో తేల్చారు. ఈ జాన్సన్ వేరే జాన్సన్, డేవిడ్ జాన్సన్. మూడు మిషన్లకు వచ్చేసరికి సమస్య ఎలాంటి కోవలో పడుతుందంటే, అన్ని సందర్భాల్లోనూ త్వరగా, కచ్చితంగా జవాబు ఇచ్చే పద్ధతి ఆ కోవలో దేనికీ ఇప్పటిదాకా దొరకలేదు. ఒక్కదానికి దొరికితే అన్నిటికీ దొరికినట్టే.

అన్ని వరుసలూ కంప్యూటర్‌తో వేయించి చూస్తే పోదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. పది పనులకు 36,28,800 వరుసలు. ఫర్వాలేదు, క్షణంలో చూసేస్తుంది. ఇరవై పనులకు? సుమారు 24,329 కోట్ల కోట్లు. సెకనుకు వంద కోట్ల వరుసలు చూసే కంప్యూటర్‌కైనా 77 ఏళ్లు పడుతుంది. ఇరవై పనులంటే మా ప్రెస్సులో ఒక మామూలు వారం. 1963లో ఫిషర్, థాంప్సన్ అనేవాళ్లు ఒక లెక్క అచ్చు వేశారు. పది పనులు, పది మిషన్లు, ఒక్కో పని ఒక్కో దారిలో మిషన్ల మీదుగా పోతుంది. బోర్డు మీద పట్టేంత చిన్న లెక్క. దానికి అతి తక్కువ సమయం 930 అని, అంతకన్నా తగ్గదని ఫ్రాన్సులో కార్లియే, పిన్సన్ 1989లో అచ్చు వేసిన రుజువుతో తేలింది. 26 ఏళ్లు! అందుకే మీ కాలేజీలో టైమ్ టేబుల్ వేసే మాస్టారి మీద విసుక్కోకండి. ఆయన చేస్తున్నది నిజంగానే కష్టమైన పని.

ఇప్పటిదాకా నేను ఒక విషయం మీకు చెప్పకుండా దాటవేశాను. "మంచి వరుస" అన్నాను. మంచిది అంటే ఎవరికి మంచిది? అన్ని పనులూ ఎప్పటికి అవుతాయి అన్నదే లెక్క వేశాను. అది షట్టర్ వేసేవాడి లెక్క. పని ఇచ్చినవాడి లెక్క వేరు.

ఎమ్మార్వో ఆఫీసు బయట జిరాక్స్ షాపు ఊహించుకోండి. ఒక పెద్దాయన పొలం కాగితాల కట్ట తెచ్చాడు, 20 నిమిషాల పని. ఆయన వెనక ముగ్గురు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడ్డారు, ఒక్కొక్కరిదీ నిమిషం. వచ్చిన వరుసలో చేస్తే 20, 21, 22, 23 నిమిషాలకు బయటపడతారు. సగటున 21 నిమిషాల 30 సెకన్లు. ముందు ఆధార్ వాళ్లను పంపేస్తే 1, 2, 3, 23. సగటు 7 నిమిషాల 15 సెకన్లు. పెద్దాయనకు పోయింది 3 నిమిషాలే. చిన్న పని ముందు అనే ఈ పద్ధతికి 1956లో స్మిత్ అనే ఆయన రుజువు ఇచ్చాడు. సగటు నిరీక్షణ తగ్గాలంటే ఇంతకు మించిన వరుస లేదు. ప్రతి జిరాక్స్ షాపు ఆయనకూ ఇది తెలుసు. "ఒక్క నిమిషం బాబాయ్, వీళ్లది ఒక్క పేజీయే" అంటాడు.

కానీ ఆలోచించండి. ఆ ముగ్గురూ వెళ్లేలోపు ఇంకో ఇద్దరు ఒక్క పేజీతో వస్తే? వాళ్లు వెళ్లేలోపు ఇంకొకరు వస్తే? సాయంత్రం దాకా ఆ పెద్దాయన అక్కడే బెంచీ మీద కూర్చుంటాడు. సగటు చూస్తే ఎంతో బాగుంటుంది. వంద మందిలో తొంభై తొమ్మిది మంది నిమిషంలో వెళ్లిపోయారు, ఒక మనిషికి మాత్రం రోజు పోయింది. కంప్యూటర్ వాళ్లు దీన్ని స్టార్వేషన్ అంటారు, అంటే పస్తు పెట్టడం. మీ ఫోనులో, ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రాము ముందు నడవాలో చూసే షెడ్యూలర్ రాసేవాళ్లు ఈ పస్తు గురించి చాలా జాగ్రత్త పడతారు. ఎంతసేపు ఆగితే అంత ప్రాధాన్యం పెంచుకుంటూ పోతారు. ఒక దశ వచ్చాక ఆ పెద్దాయన్ని దాటి ఎవరూ ముందుకు వెళ్లలేరు. యంత్రానికి ఇంత జాగ్రత్త నేర్పిన మనం, మనుషులు నిలబడే క్యూల దగ్గర ఎందుకు అంత జాగ్రత్త తీసుకోమో నాకు అర్థం కాదు.

గడువు ఉన్న పనులు ఇంకో రకం. 1955లో జాక్సన్ చెప్పిన నియమం మన ఇళ్లలో ఉన్నదే: ఎవరి గడువు ముందు వస్తే వాళ్లది ముందు. అలా చేస్తే, అందరికన్నా ఎక్కువ ఆలస్యమైనవాడి ఆలస్యం వీలైనంత తక్కువగా ఉంటుంది. అయితే అందరి గడువూ అందుకోవడం ఎలాగూ కుదరనప్పుడు? ఎంత తక్కువ మందికి మాట తప్పగలం? దీనికి 1968లో మూర్ పద్ధతి వచ్చింది. గడువుల వరుసలో పనులు వేసుకుంటూ పో, ఏ పని దగ్గర గడువు దాటుతోందో అక్కడ ఆగు, అప్పటిదాకా వేసుకున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద పనిని తీసి పక్కన పెట్టు. పక్కన పెట్టినవి చివర్లో చేయి, అవి ఎలాగూ ఆలస్యమే. లెక్కగా చూస్తే ఇది చాలా అందమైన పద్ధతి. పక్కన పెట్టిన ఆ మనిషికి పొద్దున్నే ఫోన్ చేసి "అయ్యా, ఈరోజు మీ పని కాదు" అని చెప్పాలన్నది మాత్రం లెక్కలో లేదు. దర్జీ దగ్గర పండగ ముందు రోజు సాయంత్రం దాకా కూర్చున్న వాళ్లందరికీ ఈ బాధ తెలుసు. ఆలస్యమైందని కాదు, ముందే చెప్పలేదని.

ఇంకో మాట. పని ఆలస్యమైతే మనకు తట్టే మొదటి ఉపాయం ఏమిటి? ఇంకో మనిషిని పెట్టు. అవునా కాదా? మనిషిని పెడితే పని తొందరగా అవుతుంది. కనీసం ఆలస్యమైతే కాదు కదా? 1966లో రొనాల్డ్ గ్రాహం, ఎక్కువ మంది ఉంటే పని ఆలస్యం కావచ్చు కూడా అని చూపించాడు. ఆయన అంకెలే తీసుకుని నేను పెళ్లి వంట చేయిస్తాను. పిల్లలూ, ఇది రాసుకోండి.

ముగ్గురు వంటవాళ్లు, తొమ్మిది పనులు. చీటీ మీద ఈ వరుసలో రాసి ఉన్నాయి: పూర్ణం ఉండలు 30 నిమిషాలు, కొబ్బరి పచ్చడి 20, పెరుగు పచ్చడి 20, కూరగాయలు తరగడం 20, తర్వాత నాలుగు కూరలు ఒక్కోటీ 40, ఆఖర్న బూరెలు వేయించడం 90. తరిగితే గానీ కూరలు మొదలవవు. ఉండలు అయితే గానీ బూరెలు మొదలవవు. చేయి ఖాళీ అయినవాడు చీటీలో పైనుంచి చూసి, మొదలుపెట్టడానికి వీలున్న మొదటి పని తీసుకోవాలి. ఒకడు ఉండలు, ఇద్దరు పచ్చళ్లు మొదలుపెట్టారు. 20వ నిమిషంలో ఒకడు కూరగాయల దగ్గర కూర్చున్నాడు, ఒకడు ఖాళీ. 30కి ఉండలు అయ్యాయి, తరగడం ఇంకా అవలేదు, కాబట్టి ఒకడు బూరెల మూకుడు దగ్గరకు వెళ్లాడు. 40 నుంచి మిగతా ఇద్దరూ రెండేసి కూరలు. 120వ నిమిషానికి బూరెలూ అయ్యాయి, కూరలూ అయ్యాయి. రెండు గంటలు.

నాలుగో వంటవాడు వచ్చాడు. చీటీ అదే. ఇప్పుడు మొదటి నిమిషం నుంచే తరగడం మొదలు. 20కి తరగడం అయింది, ముగ్గురి చేతులు ఖాళీ, ముగ్గురూ మూడు కూరలు పట్టుకున్నారు. 30కి ఉండలు చేసినవాడి చేయి ఖాళీ అయింది, చీటీలో ముందున్న నాలుగో కూర అతను పట్టుకున్నాడు. బూరెలు ఎవరూ పట్టుకోలేదు! 60కి కూరలు దింపాక ఒకడు బూరెలు మొదలుపెట్టాడు, 150కి అయ్యాయి. రెండున్నర గంటలు. వంటవాడు పెరిగాడు, వడ్డన అరగంట వెనక్కి పోయింది.

మాయ ఏమీ లేదండి. చేతులు ఎక్కువైతే చిన్న పనుల మీదకు అందరూ ఒకేసారి వెళ్లారు, పెద్ద పని మీద ఎవరి చూపూ పడలేదు. ఉండలు 30, బూరెలు 90, ఇవి ఒకదాని వెనక ఒకటే జరగాలి. అంటే పది మంది వచ్చినా 120 కన్నా తగ్గదు. ముగ్గురే ఆ 120ని అందుకున్నారు. నాలుగోవాడితో కూడా 120కే అవ్వాలంటే బూరెల్ని చీటీలో పైకి తేవాలి. అనుభవం ఉన్న పెద్ద వంటాయన వచ్చీరాగానే "బూరెలెవరు చూస్తున్నారు?" అని అడుగుతాడు. ఆయన ఈ లెక్క చీటీ లేకుండానే వేస్తాడు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. అంగారక గ్రహం మీదకు. 1997 జులై 4న నాసా వాళ్ల పాత్‌ఫైండర్ అక్కడ దిగింది. కొన్ని రోజులు బాగా పనిచేసింది. వాతావరణం వివరాలు సేకరించడం మొదలయ్యాక దాని కంప్యూటర్ ఉన్నట్టుండి తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అంత దూరంలో ఉన్న యంత్రాన్ని ఎవరు వెళ్లి చూస్తారు? ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి.

జరిగింది ఇది. అందులో చాలా ముఖ్యమైన పని ఒకటి ఉంది, సమాచారం అటూ ఇటూ పంపే దారిని చూసుకునే పని. చాలా చిన్న ప్రాధాన్యం ఉన్న పని ఇంకొకటి, వాతావరణం రాసుకునేది. ఈ రెండూ ఒకే వస్తువు వాడుకోవాలి, ఒకరు వాడుతుంటే ఇంకొకరు ఆగాలి. చిన్న పని తాళం వేసుకుని వాడుతోంది, పెద్ద పని తలుపు దగ్గర ఆగింది. అంతవరకూ ఫర్వాలేదు, చిన్న పని క్షణంలో అయిపోతుంది. కానీ మధ్యలో మధ్య రకం పని ఒకటి వచ్చింది. తాళంతో దానికి సంబంధం లేదు, చిన్న పని కన్నా తనది ముఖ్యం కాబట్టి దాన్ని లేపేసి తను కూర్చుంది. ఇప్పుడు చిన్న పని ముందుకు కదలదు, తాళం తీయదు. పెద్ద పని తలుపు దగ్గరే ఉంది. పెద్ద పని ఎంతకీ రాకపోవడం చూసిన కాపలా గడియారం ఏదో ప్రమాదం అనుకుని మొత్తం కంప్యూటర్‌ని రీసెట్ చేసింది.

ఇది వింటుంటే నాకు మా ప్రెస్సే గుర్తొస్తుంది. కటింగ్ మిషను దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. అర్జంటు పని వచ్చింది, నాన్నగారు కటింగ్ కోసం కాగితం పట్టుకుని నిలబడ్డారు. కుర్రాడు బ్లేడు కింద వేరే కట్ట పెట్టి ఉన్నాడు, రెండు నిమిషాల్లో తీసేస్తాడు. ఈలోగా లారీలో కాగితం రీములు వచ్చాయి, "ఒరేయ్ ఇలా రా, దింపాలి" అని గుమాస్తా కేకేశాడు. కుర్రాడు ఆ కట్ట అలాగే వదిలేసి పరిగెత్తాడు. బ్లేడు కింద కట్ట అలాగే ఉంది, నాన్నగారు అలాగే నిలబడి ఉన్నారు. ప్రెస్సులో అన్నిటికన్నా అర్జంటు పనిని ఆపింది రీములు దింపడం. ఎవరూ తప్పు చేయలేదు. గుమాస్తా కుర్రాడి కన్నా పెద్దవాడే, పిలవొచ్చు. ఆ తర్వాత నాన్నగారు ఒక కట్టుబాటు పెట్టారు: కటింగ్ దగ్గర అర్జంటు పని నిలబడి ఉంటే, కుర్రాడు బ్లేడు వదిలేదాకా వాణ్ణి ఓనరు తప్ప ఇంకెవరూ పిలవకూడదు. అంతసేపూ ఆ కుర్రాడికి అర్జంటు పనికి ఉన్న హోదా ఉంటుంది.

పాత్‌ఫైండర్‌కి మందు కూడా ఇదే. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అంటారు. తాళం పట్టుకున్న చిన్న పని, తన కోసం ఆగి ఉన్న పెద్ద పని హోదాను కాసేపు అరువు తెచ్చుకుంటుంది. లుయ్ షా, రాజ్‌కుమార్, లెహోత్స్కీ అనే ముగ్గురు 1990లోనే దీన్ని వివరంగా రాశారు. పాత్‌ఫైండర్‌లో వాడిన వీఎక్స్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది కూడా. ఆ ఒక్క తాళానికి దాన్ని ఆఫ్‌లో ఉంచారు, అంతే. కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజనీర్లు అలాంటి కంప్యూటర్‌నే భూమి మీద పెట్టి, అదే పరిస్థితి మళ్లీ వచ్చేదాకా నడిపించి, కారణం పట్టుకున్నారు. ఇక్కడి నుంచి ఆదేశం పంపి దాన్ని ఆన్ చేశారు. రీసెట్లు ఆగిపోయాయి. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే ఈ రీసెట్ ఒకటి రెండు సార్లు కనబడింది, కానీ మళ్లీ తెప్పించడం కుదరక వదిలేశారు. ఇక్కడ ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ ముక్క మనసులో పెట్టుకోవాలి. ఒక్కసారి వచ్చి మాయమైన తప్పు ఎక్కడికీ పోదు.

టైము అవుతోంది. బోర్డు మీద మొదటి లెక్క ఇంకా అలాగే ఉంది. ఒక్కసారి మళ్లీ చూద్దాం. 23 గంటల్ని 16 చేశామని అందరం సంతోషించాం. కరపత్రాలు తెచ్చిన ఆయన గురించి ఎవరైనా ఆలోచించారా? ఆయన అందరికన్నా ముందు వచ్చాడు. వచ్చిన వరుసలో చేసి ఉంటే మధ్యాహ్నం పన్నెండింటికి చేతికి వచ్చేవి. మన గొప్ప వరుసలో రాత్రి పదింటికి వచ్చాయి. కరపత్రాలు ఎందుకు వేయిస్తారండీ? ఆయన మీటింగు సాయంత్రం ఐదింటికి అనుకోండి. పదింటికి ఆ కరపత్రాలు ఏం చేసుకుంటాడు?

కాబట్టి ఇంకో వరుస వేద్దాం. కరపత్రాలు ముందు పెట్టేసి, మిగతా మూడింటికి జాన్సన్ సూత్రం వాడదాం. కరపత్రాలు 5కి వచ్చి 6కి అవుతాయి. కవితలు 6కి వచ్చి 11కి. బిల్లు పుస్తకాలు 9కే వచ్చినా బల్ల ఖాళీ అయ్యేది 11కి, అయ్యేది 15కి. నోట్‌బుక్కులు 15కి వస్తాయి, 17కి అయిపోతాయి. 17 గంటలు. పదింటికి వేయాల్సిన షట్టర్ పదకొండింటికి పడుతుంది. ఆ ఒక్క గంట ఇస్తే ఆయన చేతికి కరపత్రాలు మధ్యాహ్నం పన్నెండింటికే వచ్చేస్తాయి. మా నాన్నగారిని అడిగి ఉంటే ఆ గంట కూర్చుని ఉండేవారని నా నమ్మకం.